విమానంలో అంబలి

ఆయన పోయాడన్న కబురు నాకు శుక్రవారం సంతలో తెలిసింది. ఆయన ఊరివాళ్ళు పసుపు కొమ్ములు అమ్ముకోవడానికి కొండ దిగి వచ్చి, నా సైకిలు ఆపి చెప్పారు. "తాత పోనాడు బాబూ. మంగళారం పొద్దుట. గుమ్మంలో కూకోని కాఫీ పిక్కలు ఏరతా ఏరతా అలాగే ఒరిగిపోనాడు."

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. చేతిలో ఉన్న చేట కింద పెట్టి గుమ్మంలోనే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా నాన్న పోయినప్పుడు కూడా ఆవిడ అంత ఏడవలేదు. ఆ పక్కనే నిలబడి నేనేం ఆలోచించానో చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పేస్తాను. రేపు నేను పోతే ఇందులో సగమైనా ఏడుస్తుందా అనుకున్నాను.

కుళ్ళు. దానికి ఇంకో మంచి పేరు వెతకను. రెండెకరాల కాఫీ, ఒక గొడుగు, ఒక గొంగళి తప్ప ఏమీ లేని కొండ మీది ముసలాయన్ని చూసి పదిహేనేళ్ళు కుళ్ళుకున్నాను. ఇంతకీ ఆయన నాకు చేసిన అపకారం ఒక్కటీ లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

తొంభైల మొదట్లో విజయనగరం పక్క నుంచి అరకు వచ్చి, కాఫీ రైతుల సంఘంలో ఫీల్డుమేన్‌గా చేరాను. ఊరూరూ తిరిగి నీడ చెట్లు ఎలా పెట్టాలో, పండు ఎలా కోయాలో, కోసిన రోజే తొక్క తీసి ఎలా కడగాలో చెప్పడం నా పని. చేతిలో కరపత్రాలు ఉండేవి. గొంతు కూడా బాగానే ఉండేది. నేను చెబుతున్నంతసేపూ జనం బుద్ధిగా తలలూపేవారు, నేను కొండ దిగగానే పచ్చిదీ పండుదీ కలిపి కొమ్మ మొత్తం దూసేసేవారు.

ఆయన మాత్రం ఒక్కో చెట్టు దగ్గరికి నాలుగైదు సార్లు వెళ్ళి, ఎర్రబడిన పళ్ళే కోసుకొచ్చేవాడు. నా కరపత్రం బాగా పనిచేసిందనుకుని మొదటి ఏడాది ఎంత పొంగిపోయానో. ఒకసారి నలుగురి ముందూ అడిగాను, ఎందుకిలా కోస్తున్నావో వీళ్ళకి చెప్పు తాతా అని.

"పండనిదాన్ని లాగీసినావంటే సెట్టుకి నొప్పెట్టదేటి బాబూ?" అన్నాడు.

మరుసటి ఏడాదికల్లా ఊరు ఊరంతా ఎర్ర పళ్ళే కోయడం మొదలుపెట్టింది. నేను మూడేళ్ళు గొంతు చించుకుంటే రానిది, ఆయన ఒక్క మాటంటే వచ్చింది. మా ఆఫీసరు నా భుజం తట్టి మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు నాది కాదని నాకు తెలుసు కాబట్టి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మనిషి పొట్టి. చొక్కా కాలరుకి వెనకాల నల్ల గొడుగు తగిలించుకుని నడిచేవాడు. వాన పడుతున్నా దాన్ని విప్పగా నేను చూసింది తక్కువ. కొండ దారిలో నా ముందు నడుస్తూ, ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి తిరిగి, నేను కనపడ్డాక మళ్ళీ కదిలేవాడు. నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఇంటికి ఎవరొచ్చినా, అటవీశాఖ మనిషైనా అప్పు వసూలుకొచ్చిన షావుకారైనా, ముందు చెంబుతో నీళ్ళు, తర్వాత అడ్డాకు డొప్పలో చోడి అంబలి. అవి తాగేదాకా ఎందుకొచ్చావని అడగడు. వచ్చినవాడు తొందరపడి మొదలుపెట్టినా వినడు.

"ముందు తాగు బాబూ. పనెక్కడికీ పోదు."

తను తాగేటప్పుడు మూడు చుక్కలు నేల మీద వదిలి, ఆ తర్వాత పెదాలకు ఆనించేవాడు. పోయిన పెద్దలకట. ఎక్కడున్నా, ఎంత దాహంగా ఉన్నా, ఆ మూడు చుక్కలూ పడాల్సిందే.

ఇక మా ఆవిడ సంగతి. పెళ్ళయిన రెండో నెల, రైల్వే గేటు అవతల రెండు గదుల అద్దె ఇంట్లో కాపురం. అరకులో ముసురు పట్టిందంటే వారం వదలదు. నేను క్యాంపులో ఉన్నాను. కిరసనాయిలు స్టవ్వు అంటుకోక, పుట్టింటి మీద బెంగతో ఆవిడ పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంది. నారు మొక్కల సంగతి కనుక్కుందామని ఆయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేను లేనని ఆవిడ చెప్పింది. ఆయన వెళ్ళలేదు. ఆవిడ మొహం కేసి చూసి, "తిన్నావేటమ్మా?" అన్నాడు.

"ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చీసిందండీ," అని తర్వాత నాతో చెప్పింది.

వాకిట్లోనే గొంతుక్కూర్చుని, సంచిలోంచి ఆనపకాయ బుర్ర తీసి, డొప్పలో అంబలి పోసి ఇచ్చాడట. మా ఆవిడ సొంత ఆడపడుచు ఇంట్లో కాఫీ తాగడానికి కూడా గ్లాసు రెండుసార్లు కడిగే మనిషి. తాగింది. ఇంకో డొప్ప అడిగి మరీ తాగింది.

అప్పట్లో కొండ నుంచి వచ్చేవాళ్ళ కోసం మా కిటికీలో రెండు గ్లాసులు వేరుగా ఉండేవి. ఆ మాట దాచి లాభం లేదు. ఆయనకు మాత్రం పుట్టింటివాళ్ళు పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు గ్లాసులో మజ్జిగ ఇచ్చేది. పోనుపోను కిటికీలో గ్లాసులు రెండూ వంటింట్లోకి వెళ్ళిపోయాయి, ఎప్పుడు వెళ్ళాయో నేను గమనించలేదు. పేరు చెక్కిన ఆ గ్లాసులో నాకు ఒక్కసారీ నీళ్ళు దక్కలేదు. అడిగితే, "మీరు సొట్ట పెట్టీస్తారండీ," అంది.

నేనూ ఆవిణ్ణి రోజూ ఒకటి అడుగుతాను. ఇంటికి రాగానే చెప్పులు విప్పుతూ, "వంటయిందా?" అంటాను. పెళ్ళయిన నాటి నుంచీ అదే.

రెండువేల ఐదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. చవక విమానాలు కొత్తగా వచ్చి, విమానం ఎక్కడం గురించి గుమాస్తాలు కూడా మాట్లాడుకుంటున్న రోజులు. హైదరాబాదులో కాఫీ ప్రదర్శన పెట్టారు. మా సంఘం తరఫున మంచి కాఫీ పండించిన రైతును ఒకణ్ణి పంపాలన్నారు. ఎవరి పేరు వచ్చిందో చెప్పక్కర్లేదు. నాకు చిన్నప్పట్నుంచీ విమానం ఎక్కాలని ఉండేది. పన్నెండేళ్ళ సర్వీసులో నాకు రాని టిక్కెట్టు ఆయనకొచ్చింది. పెద్దాయన ఒంటరిగా ఎలా వెళతాడని, తోడుగా నాకో టిక్కెట్టు తీశారు. నా మొదటి విమానం నేను ఇంకొకరి తోకగా ఎక్కాను.

ఎప్పుడో ఢిల్లీ వెళ్ళొచ్చిన మా ఆఫీసరు విమానం భోజనం గురించి కథలు కథలుగా చెప్పేవాడు. పళ్ళెం, గుడ్డ తువ్వాలు, చెంచాలు, చివర్లో చాక్లెట్టు. అన్నీ ఊరికే. ఆ ధీమాతో నేను మా ఆవిడ కట్టిన పెరుగన్నం డబ్బా బల్ల మీదే వదిలేశాను.

"విమానంలో వాళ్ళే పెడతారే. ఇలాంటివి పట్టుకెళితే నవ్వుతారు. నీకు చాక్లెట్టు తెస్తాను."

ఆయన జనపనార సంచిలో అంబలి బుర్ర, అడ్డాకుల కట్ట పెట్టుకుని తయారయ్యాడు. అవి వదిలెయ్యమని బస్సులో నాలుగుసార్లు చెప్పాను. అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. విశాఖ విమానాశ్రయంలో తనిఖీ దగ్గర పోలీసు ఆ బుర్రను అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ఒక గుక్క తాగి చూపించమన్నాడు. ఈయన మూడు చుక్కలు ఆ నున్నటి నేల మీద వదిలి, తాగి, బుర్ర పోలీసు కేసి చాపాడు. "నువ్వూ తాగు బాబూ, పొద్దుట్నుంచీ నిలబడ్డావు." పోలీసు నవ్వి పంపేశాడు. నా బెల్టు మాత్రం రెండుసార్లు విప్పించాడు.

ఆ విమానంలో సీట్లకు నంబర్లు లేవు, ముందెక్కినవాడిదే కిటికీ. నేను సిగ్గు విడిచి పరుగెత్తి కిటికీ పట్టాను. వెనకాల నెమ్మదిగా ఎక్కిన ఆయన్ని చూసి, విమానంలో పనిచేసే అమ్మాయి వంగి నాతో అంది, "సార్, తాతగారిని కిటికీ దగ్గర కూర్చోనిస్తారా?" లేచాను. ఏం చేస్తాను?

పైకి లేచాక ఆయన అద్దానికి ముక్కు ఆనించి కిందికి చూశాడు. "పోడు కాలుస్తన్నారు బాబూ, పొగ కనబడతంది," అన్నాడు. నాకు ఆయన చెవి తప్ప ఏమీ కనబడలేదు.

కాసేపటికి ఆ అమ్మాయి తోపుడుబండి తోసుకుంటూ వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. మణికట్లు పుల్లల్లా ఉన్నాయి. ఏం కావాలంటే, నేను దర్జాగా శాండ్‌విచ్ ఒకటి, కాఫీ ఒకటి, చాక్లెట్లు రెండు తీసుకున్నాను. తాతకు మంచినీళ్ళ సీసా ఇప్పించాను. నేను కాగితం చింపి ఒక ముక్క కొరికాను. ఆయన మూడు చుక్కలు తివాచీ మీద వదిలి, సీసా ఎత్తి తాగాడు. అప్పుడా అమ్మాయి బిల్లు చెప్పింది.

"ఇవి టిక్కెట్టులోనే కదమ్మా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"లేదు సార్. మా దాంట్లో అన్నీ కొనుక్కోవాలి."

"నీళ్ళు కూడానా?"

"నీళ్ళు కూడా సార్."

చాక్లెట్లు వెనక్కి ఇవ్వబోయాను. అటు పక్క సీటాయన పేపరు చాటు నుంచి చూస్తున్నాడు. ఆ చూపుకి భయపడి అన్నీ ఉంచుకుని డబ్బిచ్చేశాను. ఆ కాఫీ కూడా పొడి కలిపిన వేణ్ణీళ్ళు. కాఫీ కొండ మీంచి దిగివచ్చినవాడికి, ఆ ధరకి, ఆ నీళ్ళు! ఒళ్ళు మండిపోయింది.

"ఏటంతన్నాది బాబూ ఆ గుంట?" అని ఆయన అడిగాడు.

"నీళ్ళకి డబ్బులడుగుతోంది తాతా. దోపిడీ."

ఆయన చేతిలోని సీసా కేసి చూశాడు, ఆ అమ్మాయి కేసి చూశాడు. నాలాగే మండిపడతాడని ఎదురుచూశాను. ఒక్కసారైనా ఆయన కూడా నాలా చిన్నబోతే చూడాలని ఎంత ఆశగా ఉందో.

"పాపం. ఈళ్ళకి నీళ్ళు నేవు కాబోలు," అన్నాడు.

"నీళ్ళు లేకపోవడమేంటి? ఇది వ్యాపారం."

"పైన ఏ గెడ్డ పారతాది బాబూ? కింద నుంచి మోసుకొచ్చి ఎక్కించుకోవాల. అమ్ముకోక ఏటి సేత్తారు?" ఆ అమ్మాయి కేసి మళ్ళీ చూసి అన్నాడు. "ఇంటికొచ్చినోళ్ళకి సెంబుడు నీళ్ళు ఊరికే ఇవ్వనేకపోతే ఆ గుంటకెంత సిగ్గేత్తాదో. మొహం సూడు, ఎలా పీక్కుపోనాదో."

ఆయన ఊళ్ళో నీళ్ళకు వెల కట్టిన ఇల్లు లేదు. కట్టారంటే ఆ ఇంట్లో కరువు పడ్డట్టే. అంతకు మించి ఆయనకు ఇంకో అర్థం తోచలేదు. నేను వివరించబోయేలోగా సంచి విప్పాడు. అడ్డాకు మడిచి, పుల్ల గుచ్చి డొప్ప చేశాడు. బండి వెనక్కి తోసుకుంటూ ఆ అమ్మాయి మా వరుస దగ్గరికి వచ్చేసరికి, చెయ్యి చాపి ఆపాడు.

"తిన్నావేటమ్మా?"

ఆ అమ్మాయి మొహం మీది నవ్వు అలాగే ఉండి, మెల్లిగా పోయింది. "లేదు తాతా," అంది. "తెల్లారగట్ల నాలుగింటికి ఎక్కాను. ఇది మూడో ట్రిప్పు."

"ఇదిగో. తాగీ. డబ్బులొద్దు."

ముందూ వెనకా చూసుకుని, బండి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు గుక్కల్లో తాగేసింది. మూతి తుడుచుకుంది. "ఇంకొంచెం ఉందా తాతా?" అంది. సరిగ్గా మా ఆవిడ లాగే.

అటు పక్క సీటాయన పేపరు మడిచి, "ఏంటండీ అది? రాగిదా?" అన్నాడు. ఆయనకో డొప్ప. ముందు సీట్లోంచి ఒక పెద్దావిడ లేచి, చిన్నప్పుడు తాగామంటూ చెయ్యి చాపింది. ఆవిడకో డొప్ప. నా చేతిలో దోసకాయ ముక్కల శాండ్‌విచ్ ఉంది, దాన్నెవరూ అదేంటని అడగలేదు. పులిసిన అంబలి వాసన ముక్కుకు తగిలింది. బుర్ర అడుగున మిగిలింది నా కోసం వంచబోతూ, "బాబూ, నువ్వూ," అన్నాడు.

"నాకొద్దు. నేను కొనుక్కున్నాను," అన్నాను.

హైదరాబాదులో దిగేటప్పుడు ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అందరికీ చేతులు జోడిస్తోంది. నాతో, "థాంక్యూ సార్," అంది. ఆయనతో, "మళ్ళీ రా తాతా," అంది.

ప్రదర్శనలో కాఫీ రుచి చూసిన పెద్దమనుషులు ఆయన చుట్టూ మూగారు. ఇంత బాగా చెయ్యడం ఎవరు నేర్పారని మైకులో అడిగారు. ఆయన వెనక్కి తిరిగి, మలుపు దగ్గర వెతుక్కున్నట్టు నా కోసం వెతికి, వేలు చూపించాడు. "ఈ బాబే నేర్పినాడు." అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కావలసింది అదే. దాన్ని కూడా ఒక డొప్ప అంబలి ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చేశాడు. అందుకైనా ఆయన మీద కుళ్ళు తగ్గాలి. తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

ఇంటికొచ్చాక విమానం సంగతి మా ఆవిడకు వెటకారంగా చెప్పాను. వాళ్ళకి కరువనుకున్నాడే ముసలాయన అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మరి ఆ గుంట తాగదేటండీ," అంది. చాక్లెట్టు కాగితం విప్పుతూ, "మీరెందుకు తాగలేదు?" అంది.

ఆయన పోయిన రెండు నెలలకు నాకు హైదరాబాదులో శిక్షణ పడింది. ఈసారి విమానం టిక్కెట్టు మీద నా ఒక్కడి పేరే ఉంది. బయల్దేరే ముందు రోజు మా ఆవిణ్ణి చోడి అంబలి కాయమన్నాను. ఎందుకని అడగలేదు. వింతగా చూసి, కాచి, ఫ్లాస్కులో పోసి ఇచ్చింది. సంతలో అడ్డాకులు కొన్నాను. డొప్ప కుట్టడం నాకు చేతకాదు, పసుపు అమ్మే ఆవిడ చేత కుట్టించుకున్నాను.

విమానంలో తోపుడుబండి వచ్చింది. ఇంకో అమ్మాయి. కళ్ళ కింద నీడలున్నాయి. నేను డొప్ప ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆ మాట అరకు నుంచి వల్లించుకుంటూ వచ్చాను.

"తిన్నావా అమ్మా?"

"సారీ సార్?"

"అదే, తిన్నావా అని."

ఆ అమ్మాయి చూపు నా మీంచి డొప్ప మీదకి, ఫ్లాస్కు మీదకి వెళ్ళింది. నవ్వు చెక్కుచెదరలేదు. "మాకు వేరే ఉంటుంది సార్. మీకేం కావాలి? వెజ్ ఆర్ నాన్‌వెజ్?"

కాఫీ ఒకటి కొనుక్కున్నాను. బండి ముందుకు వెళ్ళిపోయింది. ఫ్లాస్కు మూత తీసి డొప్పలో పోసుకున్నాను. మూడు చుక్కలు వదలడానికి చెయ్యి వంచాను కానీ, పక్కనున్న కుర్రాడి బూటు అడ్డంగా ఉంది. వదలకుండానే మొత్తం తాగాను. నాలుగేళ్ళ కింద వద్దన్న అంబలి అదే. పుల్లగా, చల్లగా, ఎంతో బాగుంది. ఎవరికీ పెట్టలేక తాగినందువల్లనేమో కడుపులో బరువుగా దిగింది.

శిక్షణ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. మా ఆవిడ నా సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూత తిప్పి లోపలికి చూసింది.

"ఎవరికైనా పోశారేటండీ?"

"పోశాను. బండి తోసే అమ్మాయికి," అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. "రెండు డొప్పలు తాగింది."

ఆవిడ మొహం విప్పారింది. నా మాటకు ఆ మొహం అలా విప్పారి ఎన్నేళ్ళయిందో. ఆ వెలుగులో ఇంకాస్త ఉండాలనిపించింది.

"ముందు తిన్నావా అని అడిగారా, తాతలాగ?"

"అడిగాను. అలాగే అడిగాను."

ఈ ఒక్కటీ నిజం. నిజం చెప్పిన ధైర్యంతో ఆవిడ కళ్ళలోకి చూశాను. ఆ మొహంలో ఏదో మారింది. ఫ్లాస్కు మూత బిగిస్తూ, మళ్ళీ విప్పుతూ కాసేపు నిలబడింది. నాకు బాగా తెలిసిన రంగు ఆవిడ కళ్ళలో కనబడింది. పదిహేనేళ్ళుగా నేను అద్దంలో చూసుకుంటున్నదే అది.

"ఎవరో గుంటని అడిగారు," అంది. "నన్నెప్పుడూ అడగలేదు గదండీ."

వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల ఫ్లాస్కు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను లేచాను. చెప్పులు విప్పి గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ నా వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. విమానంలో ముక్కూ మొహం తెలియని పిల్లని అడిగినవాణ్ణి, ఇక్కడ అడగలేనా? గొంతు సవరించుకున్నాను. ఆవిడ చేతులు ఆగాయి. ఎదురుచూస్తోందని తెలుస్తూనే ఉంది.

"వంటయిందా?" అన్నాను.